నర్సరీల్లో అమ్మే మాస్ స్టిక్: మనీప్లాంట్‌కి సరిపోతుంది, మాన్‌స్టెరాకి చాలదు

హైదరాబాద్‌లో ఏ నర్సరీకి వెళ్లినా కుండీల పక్కన కట్టలుగా నిలబెట్టిన మాస్ స్టిక్‌లు కనిపిస్తాయి. రెండు, మూడు, నాలుగు అడుగుల సైజుల్లో దొరుకుతాయి. మామూలుగా అమ్మేదాంట్లో మాస్ (నాచు) ఉండదు. లోపల పీవీసీ పైపు, దాని చుట్టూ కొబ్బరి పీచు, పైన దారం, అంతే. మనీప్లాంట్, సింగోనియం, మాన్‌స్టెరా లాంటి ఎగబాకే మొక్కలు కొన్నప్పుడు దీన్నీ తీసుకెళ్లమంటారు.

మొక్కని నిలబెట్టడానికి ఇది బాగానే ఉంటుంది. కానీ ఈ జాతులు అడవిలో చెట్ల బెరడుని గాలివేళ్లతో కరుచుకుని, అక్కడి తడి పీల్చుకుంటూ పైకి పోతాయి. అలా ఎక్కితేనే ఆకు సైజు పెరుగుతుంది. వేలాడదీసిన మనీప్లాంట్ ఆకులు చిన్నగానే ఉండిపోయేది అందుకే. అంటే కర్ర తడిగా ఉండాలి, ఈ సరుకు తేలిపోయేది అక్కడే. పలచటి పీచు పొర ఏప్రిల్, మే నెలల్లో బాల్కనీలో మధ్యాహ్నానికే ఎండిపోతుంది. నగరానికి వచ్చే మొక్కల్లో చాలా భాగం కడియం నర్సరీలవి. గోదావరి తేమలో పెరిగిన మొక్క ఇక్కడి పొడిగాలిలో ఎండు పీచుని ఆనుకుంటే గాలివేళ్ల కొనలు నల్లబడి ఆగిపోతాయి.

కొనేటప్పుడు బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. వెంటనే పైపు తగిలితే వదిలేయండి, పీచు కనీసం అరంగుళం మందం ఉండాలి. దారం నైలాన్‌దై ఉండాలి. నూలుదారం ఒక్క వానాకాలంలోనే చివికి, పీచు కిందికి జారిపోతుంది. అడుగున ఆరంగుళాల పైపు పీచు లేకుండా ఉంటే కుండీలో గట్టిగా దిగుతుంది. మూడడుగుల కర్రని ఎనిమిదంగుళాల ప్లాస్టిక్ కుండీలో పెడితే ఆకులు పెరిగాక గాలికి పడిపోతుంది. పన్నెండంగుళాల మట్టికుండీ అయితే బరువు ఆగుతుంది.

తెచ్చిన వెంటనే పాతకండి. బకెట్ నీళ్లలో ఒక రోజంతా నానబెట్టి, మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చండి. డికాక్షన్ రంగులో దిగేది టానిన్ అనే పీచులోని రంగు పదార్థం, దానితోపాటు పీచులో ఉప్పు ఉంటే అదీ పోతుంది. బోరు నీళ్లే వాడేవాళ్లకి కొన్నాళ్లకి పీచు మీద తెల్లటి పొర కడుతుంది. నెలకోసారి వాననీటితోనో, ఆర్వో నీటితోనో పైనుంచి కడిగేయాలి.

ఈ కర్ర పనితనాన్ని నిజంగా మార్చే చిట్కా ఒకటుంది. పైపు బోలుగానే ఉంటుంది కాబట్టి పీచు ఉన్న భాగంలో, చుట్టూ తిరిగేలా రెండంగుళాలకొకటి చొప్పున రెండు మిల్లీమీటర్ల రంధ్రాలు వేయించి, అడుగున ఎండ్‌క్యాప్ (పైపు మూత) బిగించండి. ముప్పావు అంగుళం పైపైతే మూడడుగులకి పావు లీటరు పైనే నీళ్లు పడతాయి. అవి మెల్లగా పీచులోకి ఊరతాయి. క్యాప్ మరిచిపోతే మాత్రం నీళ్లన్నీ నేరుగా కుండీ అడుక్కి దిగి వేళ్లు కుళ్లుతాయి. రంధ్రాలు వేయడం కుదరకపోతే ఎండాకాలంలో రోజూ పొద్దున పైనుంచి సన్నధారగా పోయాలి. ఆకుల మీద స్ప్రే కొడితే కర్ర లోపలికి తడి చేరదు.

కట్టే పద్ధతిలో ఎక్కువమంది పొరబడేది ఒక్కచోటే. ఆకు కాడని కట్టకూడదు. కాడ వెలుతురు వైపు తిరగాలి, బిగిస్తే ఆకు పసుపెక్కి రాలిపోతుంది. కాండాన్ని కణుపు దగ్గర, గాలివేళ్లు వచ్చే వైపు కర్రకి ఆనించి, జనపనార పురితో వదులుగా కట్టండి. కర్రని ముందు పాతి, తర్వాత మొక్క నాటితే వేళ్లు తెగవు. మట్టిలో రెండు పాళ్లు కోకోపీట్ (కొబ్బరి పొట్టు), ఒక పాలు వర్మీకంపోస్ట్, ఒక పాలు పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు) కలపండి. ఒట్టి ఎర్రమట్టి గట్టిపడిపోతుంది.

తడిపీచులో పిండినల్లి దాక్కుంటుంది. కణుపుల దగ్గర దూదిలాంటి తెల్లమచ్చలు కనిపిస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట పీచు తడిసేలా కొట్టండి, వారానికోసారి, మూడు వారాలు. జూలై, ఆగస్టుల్లో నీళ్లు బాగా తగ్గించాలి.

మనీప్లాంట్‌కీ సింగోనియంకీ రెండడుగులది కళ్లు మూసుకుని కొనొచ్చు. మాన్‌స్టెరా కాండం లావు, బరువు ఎక్కువ, దాని వేళ్లకి లోతైన తడి కావాలి. అందుకు ప్లాస్టిక్ మెష్‌ని గొట్టంలా చుట్టి స్ఫాగ్నమ్ మాస్ (తడిని బాగా పట్టి ఉంచే నాచు) కూరిన కర్రే మేలు, ఖరీదు ఎక్కువైనా సరే. నాలుగడుగుల పీచు కర్ర ఎవరికీ సిఫారసు చేయను, పై సగం ఎప్పుడూ ఎండిపోయే ఉంటుంది. మొక్క రెండడుగులు దాటితే పై కొమ్మని, గాలివేరున్న కణుపు కింద కత్తిరించి, అదే కుండీలో కర్రకి రెండోవైపు నాటండి, గుబురుగా వస్తుంది.