ఎస్ట్రాడియోల్ జెల్: ఏళ్ల తరబడి వాడాక నా అనుభవం

హార్మోన్లు వాడే ట్రాన్స్ అమ్మాయిలకు రక్తపరీక్ష రిపోర్టు వచ్చే రోజంటే గుండె దడే. నాకు ఆ దడ తగ్గింది జెల్‌కు మారాకే.

మొదట్లో డాక్టరమ్మ ఎస్ట్రాడియోల్ (ఆడ హార్మోను) వాలరేట్ మాత్రలు రాశారు, 2 మిల్లీగ్రాములవి. ఆవిడ చెప్పినట్టే నాలుక కింద పెట్టుకునేదాన్ని. రక్తపరీక్షలో ఒకసారి ఎస్ట్రాడియోల్ మిల్లీలీటరుకు 300 పీకోగ్రాములు దాటేది, ఇంకోసారి 70 దగ్గరే ఆగేది. డోసేమో అదే! 70 వచ్చిన రోజు, వచ్చిన మార్పులన్నీ వెనక్కి పోతాయేమోనని నిద్రపట్టలేదు. నాలుక కింద కరిగిన మందు గంట సేపట్లో రక్తంలో బాగా పైకెక్కి, కొన్ని గంటల్లోనే దిగిపోతుందని డాక్టరమ్మ చెప్పారు. రక్తం ఎప్పుడు ఇచ్చామన్న దాన్ని బట్టే అంకె మారిపోతుంది.

నేను వాడేది 0.06 శాతం జెల్. 2.5 గ్రాముల్లో 1.5 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. స్నానం చేసి ఒళ్లు ఆరాక మొదట్లో భుజం నుంచి మోచేతి దాకా పలచగా రాసేదాన్ని, ఇప్పుడు తొడలకు రాస్తున్నాను. కాసేపు స్పిరిట్ వాసన వస్తుంది. గంట దాకా నీళ్లు తగలనివ్వను, చంటిపిల్లల్ని ఎత్తుకోను. మే నెల ఉక్కపోతలో ఆరడమే కష్టం, అందుకే రాత్రికి మార్చుకున్నాను. చర్మం ద్వారా వెళ్లే మందు నేరుగా లివర్ మీద పడదు కాబట్టి రక్తం గడ్డకట్టే ముప్పు మింగే మాత్రలతో పోలిస్తే తక్కువ. మా అమ్మకు కాలిలో గడ్డ కట్టింది, అందుకే నాకు ఇది అన్నిటికన్నా పెద్ద ధైర్యం.

టెస్టు దగ్గర మాత్రం జాగ్రత్త. జెల్ రాసిన చేతి నుంచే ఒక ల్యాబులో రక్తం తీశారు, 900 పైన వచ్చింది. చర్మం మీద మిగిలిన మందు కలిసిందన్నమాట. తొడలకు రాయడం మొదలుపెట్టి కొన్నాళ్లకు మళ్లీ ఇస్తే 140. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వేసుకునేవాళ్లు కూడా ముందే డాక్టరుకు చెప్పండి, కొన్ని యంత్రాల్లో అది అంకెను తప్పుగా చూపిస్తుంది. బిల్లులో పురుషుడని ఉంటే రిపోర్టులో మగవాళ్ల కొలతలే అచ్చవుతాయి. అప్పుడు ఎస్ట్రాడియోల్ ఎక్కువని, టెస్టోస్టిరాన్ (మగ హార్మోను) తక్కువని రెండూ బోల్డు అక్షరాల్లో కనిపిస్తాయి. అది చూసి కంగారుపడొద్దమ్మా. హార్మోన్ల డాక్టర్ల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 2017 మార్గదర్శకాల్లో లక్ష్యం మిల్లీలీటరుకు 100 నుంచి 200 పీకోగ్రాముల ఎస్ట్రాడియోల్, డెసిలీటరుకు 50 నానోగ్రాముల లోపు టెస్టోస్టిరాన్. మొదటి ఏడాది మూడు నెలలకోసారి పరీక్ష, ఆ తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు.

జెల్‌తోనూ అంకె కాస్త అటూఇటూ అవుతుంది. ఈసారి 120, మళ్లీ 160. టెస్టోస్టిరాన్ అదుపులో ఉంది, ఒంట్లో తేడా లేదు, కాబట్టి డోసు ముట్టుకోలేదు.

లోటల్లా ధరా, దొరకడమూ. మాత్రలంత చవక కాదు. మా ఊళ్లో మెడికల్ షాపువాళ్లకు వారం ముందు చెప్పి తెప్పించుకుంటాను. ఖర్చు భరించగలిగితే, మీ డాక్టరు సరేనంటే, మారమనే చెబుతాను.