ఓర్మ్ చరిత్ర: పాత ప్రతి కొనాలా, రీప్రింట్ చాలా, ఉచిత స్కాన్‌తో సరా?

బొబ్బిలి, చందుర్తి, మచిలీపట్నం యుద్ధాల మూలాలు వెతికేవాళ్లంతా ఎప్పుడో ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ దగ్గరికి రావాల్సిందే. హిందూస్థాన్‌లో బ్రిటిష్ సైనిక వ్యవహారాలపై ఆయన రాసిన చరిత్రను ఏ రూపంలో తీసుకోవాలన్నది తరచూ వచ్చే ప్రశ్న.

ఏ రూపంలో తీసుకున్నా ముందు సంపుటం సంఖ్య చూసుకోండి. మొదటిది 1763లో వచ్చింది. రెండోది రెండు భాగాలుగా 1778లో వచ్చింది. 1757 జనవరి నాటి బొబ్బిలి, 1758 డిసెంబరు నాటి చందుర్తి, 1759 ఏప్రిల్‌లో ఇంగ్లిషు సేనాని ఫోర్డ్ పట్టుకున్న మచిలీపట్నం కోట: మూడూ రెండో సంపుటంలోనివే. చవగ్గా దొరికిందని మొదటిది ఒక్కటే కొంటే వీటిలో ఒక్కటీ దొరకదు. రెండు సంపుటాలకూ మధ్య 15 ఏళ్ల ఎడం ఉంది కాబట్టి, సెట్‌లో మొదటిది తర్వాతి ముద్రణది కావడం మామూలే. చదువుకోవడానికి అదేం లోపం కాదు.

నా లెక్కలో ఏది తీసుకోవాలో తేల్చేది పుస్తకంలో మడిచి అతికించిన పటాలు. ఫిరంగులు ఎక్కడ పెట్టారు, చిత్తడి ఎటువైపు, సైన్యం ఏ బురుజు మీదికి ఎక్కింది అన్నవి పటం లేకుండా చదివితే సగమే అర్థమవుతాయి. ఓర్మ్ యుద్ధ వర్ణనలు మరీ వివరంగా ఉంటాయి, పటం పక్కన లేకపోతే పది వాక్యాల్లో దారి తప్పుతాం. ఉచిత స్కాన్లు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. పెద్దఎత్తున స్కాన్ చేసేటప్పుడు మడత విప్పకుండానే పేజీ తిప్పేస్తారు. తెరమీద మనకు కనిపించేది మడిచిన కాగితం వీపు. అడిగినప్పుడే అచ్చువేసి ఇచ్చే ప్రింట్ ఆన్ డిమాండ్ రీప్రింట్లలో చాలావాటికి ఆ స్కానే ఆధారం. పైగా అసలు పుస్తకం క్వార్టో అనే పెద్ద సైజు. దాన్ని ఆరు బై తొమ్మిది అంగుళాలకు కుదిస్తే అక్షరాలూ చిన్నబోతాయి. డబ్బు పెట్టి ఉచిత స్కాన్ లోపాలనే కొనుక్కోవడం దేనికి? ఈ రకం నేనైతే సిఫారసు చేయను. పటాలు విప్పి, విడిగా ముద్రించిన ఫాక్సిమిలీ (అసలుకు అచ్చమైన నకలు) అయితే వేరే సంగతి. కొనేముందు ఒక పటం ఫొటో అడగండి.

వెతుకులాటకు మాత్రం స్కాన్‌ను మించింది లేదు, ఒక చిట్కా తెలిస్తే. ఆ కాలపు అచ్చులో పదం మొదట్లో, మధ్యలో వచ్చే ‘ఎస్’ పొడుగ్గా, ‘ఎఫ్’లా ఉంటుంది. స్కాన్ బొమ్మను అక్షరాలుగా మార్చే ఓసీఆర్ తరచూ దాన్ని ఎఫ్‌గానే చదువుతుంది. ఫ్రెంచి సేనాని బుస్సీ కోసం రెండు ఎస్‌ల చోట రెండు ఎఫ్‌లు, మసులిపటం (మచిలీపట్నం) కోసం ఎస్ బదులు ఎఫ్ కొట్టి చూడండి. అంకెల పట్టికల్లో ఓసీఆర్‌ను నమ్మొద్దు, పేజీ బొమ్మే చూడాలి. ఒకే పుస్తకానికి నాలుగైదు స్కాన్లుంటే అన్నీ తెరవండి, ఒక్కదాంట్లోనైనా పటం విప్పి ఉండొచ్చు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ప్రతుల్లో పేజీలు ఎగిరిపోవడం, పేర్లు తప్పుగా నమోదవడం ఉంది కాబట్టి వాటిని చివరగా చూడండి.

ఇక పాత ప్రతి. మొదటి ముద్రణే కావాలని పట్టుబట్టడం సేకరణ సరదా. చదివేవాళ్లకు 1803 లండన్ ముద్రణ, 1861 మద్రాసు ముద్రణ చాలు, పటాలన్నీ ఉంటే. పాత పటాలను కోసి, ఫ్రేము కట్టి విడిగా అమ్మే వ్యాపారం ఎప్పటినుంచో ఉంది కాబట్టి “కండిషన్ బాగుంది” అన్న మాట చాలదు. పటాలు, ప్లాన్లు ఎన్నున్నాయో లెక్కపెట్టి చెప్పమనండి. 1800 వరకు వచ్చిన ముద్రణలకు పాత ఇంగ్లిష్ పుస్తకాల జాబితా అయిన ఈఎస్‌టీసీ కేటలాగుతో, తర్వాతివాటికి పెద్ద లైబ్రరీల కేటలాగులతో సరిచూసుకోండి. వర్ణనలో ‘డబ్ల్యూ.ఏ.ఎఫ్.’ అని ఉంటే లోపాలతో సహా అమ్మకమని, పటాలు తగ్గాయని వాపసు ఇవ్వలేమని అర్థం. పటం సాధారణంగా చిరిగేది పుస్తకానికి అతికిన చోట. సెల్లోటేపు వేసి ఉంటే దాని జిగురు కాగితంలోకి ఇంకి పసుపు మరక పడుతుంది. గోధుమ పిండి జిగురుతో, పల్చని జపనీస్ టిష్యూ కాగితంతో చేసిన మరమ్మతైతే భయం లేదు.

1763 నాటి కాగితం గుడ్డపీలికలతో చేసింది, ఇప్పటికీ గట్టిగా ఉంటుంది. 19వ శతాబ్దం రెండో సగంలో కొయ్యగుజ్జు కలిసింది కాబట్టి 1861 ప్రతిలో అంచులు పెళుసుబారాయేమో అడగాలి.

నౌకాదళం వైపు వెళ్తే లెక్క కొంత మారుతుంది. ఇంగ్లిషు నౌకాధిపతి పోకాక్, ఫ్రెంచి నౌకాధిపతి డాషే మధ్య జరిగిన నౌకాయుద్ధాలకు లెయర్డ్ క్లౌస్ 7 సంపుటాల బ్రిటిష్ నౌకాదళ చరిత్రలో మూడోది స్కాన్‌గా తీసుకున్నా నడుస్తుంది. అక్కడ ఎక్కువగా చూసేది ఓడల, ఫిరంగుల పట్టికలే.

హైదరాబాద్‌లోనో చెన్నైలోనో కొన్న పాత సెట్‌ను విదేశంలో ఉన్న పిల్లలకు పంపాలనుకుంటే ఒక్కటి గుర్తుంచుకోండి. నూరేళ్లు దాటిన వస్తువు 1972 చట్టం కింద పురావస్తువు లెక్కలోకి రావచ్చు, పురావస్తువులను ప్రైవేటుగా దేశం దాటించడం నేరం. పార్సిల్ కట్టకముందే పురావస్తు శాఖను అడగండి. అంతకంటే అక్కడివాళ్లు అక్కడే కొనుక్కోవడం తేలిక.