జెల్ వేసి పుచ్చు తీయించాం, ఎలా ఉందంటే

మా వాడికి ఏడేళ్లు. కింది దవడ పాలపన్నులో నల్లగా గుంట పడింది, ఏం తిన్నా అందులో ఇరుక్కుని రాత్రిళ్లు ఒకటే గోల. ఇంతకుముందు ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే డ్రిల్లు సౌండ్ వినగానే నోరు బిగించేశాడు, అక్కడి అసిస్టెంట్ తల గట్టిగా పట్టుకోబోయేసరికి నేనే వాణ్ని లేపుకుని వచ్చేశాను. అందుకే ఈసారి పిల్లల డెంటిస్ట్ దగ్గరికి వెళ్లాం.

ఇక్కడ వాడింది పపైన్ జెల్. పపైన్ అంటే బొప్పాయిలో ఉండే ఎంజైమే, ఈ రకం జెల్ 2003లో బ్రెజిల్‌లో వచ్చింది. గుంటలో జెల్ వేసి, అరనిమిషం పైగా ఆగి, బుల్లి గరిటెలాంటి దాంతో మెల్లగా గీకారు. మెత్తబడిన పుచ్చు తడి రంపప్పొట్టులా వచ్చేసింది. మళ్లీ జెల్, మళ్లీ గీకుడు. వేసిన జెల్ మురికిపట్టకుండా తేటగా ఉండిపోతే ఇక మెత్తటి పుచ్చు లేనట్టట. ఇంజెక్షన్ అవసరమే రాలేదు. మధ్యలో ఒక్కసారి జివ్వుమందని చెయ్యెత్తాడు, వెంటనే ఆపేశారు, నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

కానీ టైమ్ పడుతుంది. డ్రిల్లుతో చకచకా అయిపోయే పనికి అంతసేపు నోరు తెరుచుకుని కూర్చోవడం ఏడేళ్లవాడికి చిన్న విషయం కాదు, చివర్లో దవడ నొప్పని ఏడుపు మొహం పెట్టాడు. పైగా గరిటె లోపలికి వెళ్లేంత పెద్ద గుంట ఉంటేనే ఇది కుదురుతుంది.

మా అమ్మాయి విషయంలో కుదరలేదు. దానికి పద్నాలుగు, పుచ్చింది శాశ్వత దంతం, పైకి చిన్న చుక్కే గానీ ఎక్స్‌రేలో లోపలంతా తొలిచేసి ఉంది. గట్టి ఎనామిల్‌ని జెల్ కరిగించదు కాబట్టి మత్తు ఇంజెక్షన్, డ్రిల్లు తప్పలేదు. అంతా అయ్యాక "నరం దగ్గర కొంచెం పుచ్చు కావాలనే వదిలేశామండీ" అన్నారు. నాకు ఒళ్లు మండింది, సగం పని చేసి పంపిస్తున్నారేంటని. తర్వాత వివరంగా చెప్పారు: చుట్టూ అంచులు శుభ్రంగా గీకి, పైన ఫిల్లింగ్‌తో సందు లేకుండా మూసేస్తే లోపల మిగిలిన సూక్ష్మజీవులకు తిండి అందదు, పుచ్చు అక్కడికి ఆగిపోతుంది. మొత్తం తీసేయాలని పట్టుబడితే నరం బయటపడి రూట్ కెనాల్ దాకా పోవచ్చు. సబబుగానే ఉంది, కానీ ఈ మాట పని మొదలుపెట్టకముందు చెప్పాలి కదా!

మా వాడికి ముందు వెండి మందు (సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే పూత మందు) కూడా చూపించారు. గీకుడే లేదు, పూస్తే పుచ్చు ఆగుతుంది, కాకపోతే పూసిన చోట నల్లగా మారిపోతుంది. దవడ పన్నే కదా, ఎవరికి కనిపిస్తుందని నేను సరే అన్నాను, వాడే అద్దంలో చూసుకుని వద్దన్నాడు.

డాక్టర్‌కి ఐదుకి నాలుగున్నర ఇస్తాను, క్లినిక్‌కి మూడు. ఐదింటికి అపాయింట్‌మెంట్ ఇచ్చి ఆరుంబావుకి పిలిచారు, అప్పటికి వాడి ధైర్యం సగం ఆవిరైపోయింది. ఆర్నెల్ల తర్వాత అమ్మాయి పన్నుకి మళ్లీ ఎక్స్‌రే అన్నారు, ఈసారి పొద్దున్నే మొదటి అపాయింట్‌మెంట్ రాయించుకున్నాను.