కాగితం పుస్తకమా, ఈ-బుక్కా: మా అమ్మకు ఏది మేలు?

అమ్మ చిత్తూరులో, నేను తిరుపతిలో. ఆదివారం బస్సెక్కేటప్పుడు నా సంచిలో ఒక పుస్తకం, ఫోనులో పది పుస్తకాలు ఉంటాయి. ఏది మేలని ఎవరైనా అడిగితే ఇన్నాళ్లూ తడుముకోకుండా కాగితమే అనేదాన్ని. మధుమేహం వల్ల అమ్మ చూపు మందగించాక అంత తేలిగ్గా చెప్పలేకపోతున్నాను.

మా ఇంట్లో నాన్న చదివిన పాత పద్యకావ్యం ఒకటి ఉంది. కఠినమైన మాటలకు అంచుల్లో పెన్సిలుతో అర్థాలు రాసుకున్నారు. ఒకచోట ‘కలభం’ అన్న మాటకు ‘ఏనుగు’ అని రాస్తే, దాని పక్కనే అమ్మ నీలి సిరాతో ‘గున్న’ అని చేర్చింది. నాన్న పోయి తొమ్మిదేళ్లయింది. ఆ దిద్దుబాటు మాత్రం అలాగే ఉంది. ఈ-బుక్కులోనూ గీతలు గీయవచ్చు, రాసుకోవచ్చు. కానీ ఆ రాతలు ఆ మనిషి ఖాతాలోనే ఉండిపోతాయి, బీరువా తెరిచిన మనవరాలి కంట పడవు.

సొంతం అన్న మాటకొస్తే కాగితానిదే పైచేయి. డబ్బు పెట్టి కొన్నా, చాలా ఈ-బుక్కుల విషయంలో మనకు దక్కేది చదువుకునే అనుమతి మాత్రమే. 2009లో హక్కుల చిక్కు వచ్చిందని అమెజాన్ జార్జ్ ఆర్వెల్ నవలలను కొన్నవారి కిండిల్స్‌లోంచే (ఈ-బుక్కులు చదివే పరికరాల్లోంచే) తీసేసింది, తర్వాత క్షమాపణ చెప్పింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-బుక్కుల దుకాణం మూసేసి, పాఠకులకు డబ్బు తిరిగి ఇచ్చింది. డబ్బు వచ్చింది గానీ పుస్తకాలు పోయాయి. కాగితానికి చెదలు శత్రువు, నిజమే. వేపాకు పెట్టుకుని, ఏడాదికోసారి ఎండ తగిలిస్తే నిలుస్తుంది. పన్ను కూడా దానివైపే ఉంది: అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు, అచ్చు ప్రతి ఉన్న ఈ-బుక్కుకు 2018లో 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు.

అయితే అచ్చు ఆగిపోయిన పుస్తకం మాటేమిటి? ఇక్కడ ఈ-బుక్కుకు చేతులెత్తి మొక్కాలి. తిరుపతిలో ఉండేవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీదికెక్కి, కొండమీద గుడిలోని అరలో ఎన్నో తరాలు మూగగా పడి ఉన్నాయి. పండితులు వాటిని చదివి, ఎత్తి రాసి అచ్చుకిస్తేనే ఊరికి చేరాయి. ఇప్పుడు తిరుమల తిరుపతి దేవస్థానం తన ప్రచురణలెన్నిటినో ఇంటర్నెట్లో ఉచితంగా ఉంచింది. రాగి నుంచి కాగితానికి, కాగితం నుంచి తెరకు మారిన ప్రతిసారీ ఆ పాట మరికొందరికి అందింది. అందుకే తెర మీద చదవడం చదవడమే కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

కానీ తెలుగులో ఈ-బుక్కు పేరుతో దొరికేవాటిలో చాలా భాగం పుటలకు తీసిన ఫొటోలే. ఈ బాధ నాకు అమ్మ పక్కన కూర్చున్నప్పుడే తెలిసింది. ‘జ్యోత్స్న’ అన్న మాటలో కింది వొత్తులు కనబడాలని వేళ్లతో పెద్దది చేస్తే వరుస తెర దాటిపోతుంది. ఒక్కో పాదానికి పుటను కుడికీ ఎడమకూ జరపాలి. నాలుగు పాదాలయ్యేసరికి అమ్మ విసిగి ఫోను పక్కన పెట్టేసింది. ఒక పుస్తకంలోనైతే 112వ పుట తర్వాత ఏకంగా 115 వచ్చింది.

యూనికోడ్ అక్షరాలతో, అంటే ఏ ఫోనైనా కంప్యూటరైనా అక్షరాలుగానే గుర్తుపట్టే పద్ధతిలో చేసిన ఈ-బుక్కు అలా కాదు. అక్షరాన్ని గోరంత చేసినా గుమ్మడికాయంత చేసినా వరుసలు వాటంతటవే సర్దుకుంటాయి. మన ప్రచురణకర్తలు అలాంటివి ఎందుకు తేరంటే దానికీ కారణముంది. చాలాకాలం పేజీలు కట్టింది ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లతో, అవి యూనికోడ్ కావు. ఆ పాఠాన్ని నేరుగా ఎత్తి వేరేచోట పెడితే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. మార్చాలి, మళ్లీ మొదటి నుంచి ప్రూఫ్ దిద్దాలి. ఖర్చుతో కూడిన పనే. అయినా చూపు తగ్గిన పెద్దలకు ఆ పని చేసిపెట్టడం ప్రచురణకర్తల బాధ్యతని నా గట్టి నమ్మకం.

చదువుకునే పిల్లలకు మాత్రం కాగితమే కొంటాను. 54 అధ్యయనాలను, 1.7 లక్షలకు పైగా పాఠకులను కలిపి చూసిన పరిశోధన ఒకటి 2018లో వెలువడింది. సమాచారం ఉన్న పాఠాలు కాగితం మీదే మెరుగ్గా అర్థమవుతున్నాయని, గడువు పెట్టి చదివిస్తే ఆ తేడా పెరుగుతోందని అది తేల్చింది. కథల విషయంలో మాత్రం తేడా కనిపించలేదు. కొనలేనివాళ్లకు గ్రంథాలయం ఉండనే ఉంది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున మనం దానికి కడుతున్నాం కూడా.

నాన్న కావ్యానికి యూనికోడ్ పాఠం దొరికితే ట్యాబ్‌లో పెద్ద అక్షరాలతో పెట్టి ఇచ్చాను. అమ్మ రెండేళ్ల తర్వాత మళ్లీ తనంతట తాను నలభై పద్యాలు చదువుకుంది. పోయిన ఆదివారం ‘కలభం’ దగ్గర ఆగి, “మీ నాన్న రాసింది ఇందులో లేదే” అంది. బీరువాలోంచి పాత ప్రతి తెచ్చి, ఆ పుట తీసి ఆమె ఒళ్లో పెట్టాను. ఎడమ పుట, కింది మూల. కళ్లకు ఆనకపోయినా వేలు సరిగ్గా అక్కడే పెట్టింది.