మూడేళ్ళు కాపురం చేశాక మా బాచుపల్లి ఫ్లాట్ గురించి

హైదరాబాద్ బాచుపల్లిలో ఈ ఫ్లాట్‌ని కట్టుబడిలో ఉండగానే, 2021 మార్చిలో బుక్ చేశాం. అప్పటికి మా పెళ్ళయి ఏడాదిన్నర. ఈ ఇంట్లోకి వచ్చి మూడేళ్ళు దాటింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. గృహప్రవేశం అయిన వారంలోనే రాసుంటే గాలీ, వెలుతురూ తప్ప ఇంకేం ఉండేవి కావు.

ముందు రేటు సంగతి. బ్రోచర్‌లో చదరపు అడుగు 4,400. 1,250 అడుగులకి 55 లక్షలేగా అనుకున్నాం. ఈస్ట్ ఫేసింగ్, ఫ్లోర్ రైజ్ (పై అంతస్తుకి వేసే అదనపు రేటు), కార్ పార్కింగ్, క్లబ్‌హౌస్ కలిపేసరికి 62 అయింది. (తూర్పు గుమ్మం కాకపోతే మామయ్యగారు గడప తొక్కరు, అందుకని దానికి బేరం కూడా ఆడలేదు.) ఆపైన 5 శాతం జీఎస్టీ, అంటే 3 లక్షల 10 వేలు. రిజిస్ట్రేషన్‌కి 6 శాతం పక్కన పెట్టుకుంటే జులైలో ప్రభుత్వం దాన్ని 7.5 చేసింది. ఇంకో 93 వేలు. రిజిస్ట్రేషన్ ఖర్చుకి హోమ్ లోన్ రాదు. నా చంద్రహారం గోల్డ్ లోన్‌లో కూర్చుంది.

తాళాలు 2022 మార్చిలో అన్నారు, డిసెంబరు ఆఖర్న ఇచ్చారు. అప్పుడేమో ధనుర్మాసం, ముహూర్తాలు లేవు, మాఘం దాకా ఆగాం. అన్నాళ్ళూ కూకట్‌పల్లిలో 16,000 అద్దె, ఇటు బ్యాంకుకి ప్రీ ఈఎంఐ, అంటే అసలు ఈఎంఐ మొదలయ్యేదాకా కట్టే వడ్డీ. ఆలస్యానికి బిల్డర్‌ని నెలనెలా వడ్డీ అడగొచ్చని రెరా చట్టంలో (ఇళ్ళు కొనేవాళ్ళ రక్షణకి తెచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం) ఉంది, మాకూ తెలుసు. అడిగితే తాళాలు ఇంకా లేట్ చేస్తారేమోనని నోరు మూసుకున్నాం. ఈ మొత్తంలో మాదే అని ఒప్పుకునే తప్పు అదొక్కటి.

లోన్ 48 లక్షలు, ఇరవై ఏళ్ళకి. శాంక్షన్ అయినప్పుడు వడ్డీ 6.75 శాతం, ఈఎంఐ 36,500 అని ఫ్రిజ్ మీద అంటించుకున్నాం. మేం పాలు పొంగించిన నెలలోనే, 2023 ఫిబ్రవరిలో, రెపో రేటు (బ్యాంకులకి రిజర్వ్ బ్యాంకు అప్పిచ్చే వడ్డీ) 6.5కి చేరింది. ఏడాది కిందట అది 4. మా లోన్ వడ్డీ దాంతోపాటే పెరిగి 9.25 అయింది. ఈఎంఐ పెంచకుండా గడువు పొడిగించండి అని అడిగితే బ్యాంకులో అమ్మాయి క్యాలిక్యులేటర్ మా వైపు తిప్పింది. 48 లక్షల మీద నెల వడ్డీయే 37,000. పాత ఈఎంఐ వడ్డీకే చాలదు, ఇక అసలెక్కడ తీరుతుంది? కొత్త ఈఎంఐ దాదాపు 44,000. 2025లో రేట్లు కొంచెం దిగాక ఊపిరాడింది.

ఇల్లు చిన్నదని తెలిసింది మాత్రం అమ్మ ఇచ్చిన బీరువా వల్ల. దాన్ని బెడ్‌రూమ్‌లో పెడితే తలుపు మంచానికి తగిలి సగమే తెరుచుకుంటోంది. మా ఆయన టేపు తెచ్చి గదిగదీ కొలిచాడు. బాల్కనీ కాకుండా 880 అడుగులు. మిగతాదంతా లాబీ, మెట్లు, లిఫ్టు, గోడలు. మెయింటెనెన్స్ మాత్రం 1,250కీ కట్టాలి. బీరువా ఇప్పుడు హాల్లో ఉంది, వచ్చినవాళ్ళంతా అదేంటని అడుగుతారు.

రెండో వానాకాలానికి పిల్లల గది గోడ చెమ్మ పట్టింది. బిల్డర్ మనుషులు వచ్చి పుట్టీ పెట్టి రంగేసి వెళ్ళారు, మళ్ళీ ఉబ్బింది. స్ట్రక్చర్‌లో లోపాలకి ఐదేళ్ళ బాధ్యత బిల్డర్‌దే కదా అని ఈసారి ఫోన్ చేయకుండా రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం పెట్టించుకున్నాం. అప్పుడు పైఫ్లాట్ బాత్రూమ్ తవ్వి వాటర్‌ప్రూఫింగ్ చేశారు.

మళ్ళీ కొంటామా? ఈ ఏరియాలోనే కొంటాం, కట్టుబడిలో ఉన్నది మాత్రం కొనం. మా తమ్ముడు ఇప్పుడు ఫ్లాట్లు చూస్తున్నాడు. ఓసీ (కట్టడం పూర్తయి, కాపురం ఉండొచ్చని ఇచ్చే సర్టిఫికెట్) వచ్చినవే చూడరా, జీఎస్టీ ఉండదు, అద్దె, ఈఎంఐ రెండూ కట్టే బాధ తప్పుతుంది, టేపు మర్చిపోకు అన్నాను. పోయిన ఆదివారం పట్టుకెళ్ళాడు. టేపు తీయగానే సేల్స్ అబ్బాయి, "ఇది మోడల్ ఫ్లాట్ సార్, మీది కొంచెం వేరేగా ఉంటుంది" అన్నాడట.