తాగుడు మానేసిన తొలి వారాలకు 12 బిళ్లల వాటర్ కలర్ సెట్ ఎంతవరకు పనికొస్తుంది?

మందు మానేసినవాళ్లకు బొమ్మలు వేసుకోమని సలహా ఇచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. ఏ సామానుతో వేయాలో చెప్పేవాళ్లు తక్కువ. రంగుల నాణ్యత కంటే ముందు ఇక్కడ చూడాల్సినవి రెండు. తాగాలన్న తహతహ మొదలయ్యాక ఎంతసేపట్లో కుంచె కాగితం మీద పడుతుంది? పెట్టె తెరిస్తే ఏ వాసన వస్తుంది? ఆ తహతహ చెప్పి రాదు. వచ్చాక చాలామందికి 15 నుంచి 30 నిమిషాల్లో తగ్గుముఖం పడుతుంది. ఆ అరగంట గడిపించగలదా లేదా అన్న లెక్కతోనే 12 హాఫ్ పాన్‌ల (చిన్న రంగుబిళ్లల) సెట్‌ను, దానితో వచ్చే వాటర్ బ్రష్‌ను (పిడిలో నీళ్లు నింపుకునే కుంచెను) చూడాలి.

మొదటిదాంట్లో దీనికి తిరుగులేదు. మూత తీసి, కుంచె తడి చేసి బిళ్ల మీద రాస్తే చాలు, నిమిషం కూడా పట్టదు. నీళ్లు కుంచె పిడిలోనే ఉంటాయి కాబట్టి పక్కన గ్లాసు అక్కర్లేదు. ఇది చిన్న విషయంగా కనిపించొచ్చు. సాయంత్రం పూట, చేతికందే దూరంలో రంగునీళ్ల గ్లాసు ఉంటే తొలి రోజుల్లో మనసు పాత దారి పట్టడానికి అదొక్కటే చాలు.

వాసన సంగతీ అంతే. బిళ్లలో ఉండేది రంగుపొడి, తుమ్మజిగురు, కాస్త గ్లిజరినో తేనో. ఆల్కహాల్ మార్కర్లు మాత్రం ఎంత బాగున్నా ఇప్పుడు కొనకండి. వాటిలో రంగును మోసేది ఇథనాలో ఐసోప్రొపైలో అనే ఆల్కహాలే, తలుపులు మూసిన గదిలో ఆ ఘాటు నిలిచిపోతుంది. వాటర్ కలర్ పాఠాల్లోనూ మచ్చల కోసం ఐసోప్రొపైల్ చుక్కలు వేయమంటుంటారు. దాని బదులు తడి మెరుపు పోకముందే రాళ్ల ఉప్పు చల్లి, పూర్తిగా ఆరాక దులిపేయండి. నక్షత్రాల్లాంటి మచ్చలు వస్తాయి.

సెట్‌లో అసలు లోపం వాటర్ బ్రష్‌లోనే ఉంది. చెయ్యి వణుకుతున్నప్పుడు తెలియకుండానే పిడిని నొక్కేస్తాం, పెద్ద చుక్క పడి వేసిందంతా చెరిగిపోతుంది. పిడిని సగమే నింపండి, కుంచె వెంట్రుకలకు దగ్గరగా పట్టుకోండి, మణికట్టును బల్లకు ఆనించండి. రెండో చేతిలో టిష్యూ ఉంచుకోండి. అల్ట్రామెరీన్ నీలం, ఎల్లో ఓకర్, బర్న్‌ట్ సియెన్నా రంగులు తడిపి అద్దితే చాలావరకు లేచిపోతాయి. థాలో బ్లూ కాగితాన్ని పట్టుకుంటే వదలదు, దాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టండి.

ఈ వణుకు గురించి ఒక మాట. రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే తొలి నాలుగైదు రోజుల్లో మూర్ఛ, మతి తప్పడం లాంటివి రావచ్చు, ప్రాణం మీదికి తేవచ్చు. అది డాక్టరు చూడాల్సిన పని. రంగుల పెట్టె ఆ తర్వాతే.

సెట్‌తో ఇచ్చే కాగితం పల్చనైతే వాడొద్దు, తడి తగలగానే వంకర్లు పోతుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) మందపాటి కాగితాన్ని పోస్టుకార్డంత ఏ6 సైజుకు కోసి, నాలుగు అంచులా మాస్కింగ్ టేపు వేసి సిద్ధంగా పెట్టుకోండి. ఆ సైజు అరగంటలో నిండుతుంది. పెద్ద కాగితం సగంలో ఆగిపోతే ఓడిపోయినట్టు అనిపిస్తుంది, అది ఇప్పుడు అక్కర్లేని బరువు.

ఏం వేయాలో తోచకపోతే ఒకే రంగుతో ఆరు గడులు నింపండి. మొదటి గడిలో చిక్కటి అల్ట్రామెరీన్ పెట్టి, ఒక్కో గడికి నీళ్లు పెంచుతూ ఆరోదానికి ఆకాశపు తెలుపు దాకా రండి. పక్క గడి ఆరకముందే తగిలితే రంగు పాకేస్తుంది, కాబట్టి ఆగాల్సిందే. ఆ ఆగడమే ఇక్కడ పని చేసేది. చేతులు కాగితం మీదే ఉంటాయి, కళ్లు తడి మెరుపును కనిపెట్టుకుని ఉంటాయి.

చవక సెట్లలో బిళ్లలు ఊడిపడతాయి, అడుగున రెండువైపులా అంటుకునే టేపు ముక్క పెడితే సరి. తడిగా మూత వేస్తే బూజు పడుతుంది, రాత్రంతా తెరిచి ఉంచండి. ప్రతి కాగితం వెనక తేదీ, గంట రాసుకోండి. రెండు వారాల కాగితాలు వరసగా పేరిస్తే తహతహ ఏ వేళ ఎక్కువగా వస్తోందో కనిపిస్తుంది. కౌన్సెలర్ దగ్గరికి వెళ్లేటప్పుడు వాటినీ తీసుకెళ్లండి.