ఇండియాలో కొని, అమెరికాకి ఒకే పెట్టెలో: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఇండియా వెబ్‌సైట్లలో కొన్న చీరలు, పుస్తకాలు, బొమ్మలు, పూజ సామాను అన్నీ అక్కడే ఒక ఫార్వర్డింగ్ సంస్థ గోడౌన్‌కి చేర్పించి, ఒకే పెట్టెగా కట్టించి అమెరికాకి తెప్పించుకోవడం నాలుగేళ్లుగా నడుస్తోంది. డబ్బు మిగులుతుందా అంటే మిగులుతుంది, ఒక్కోసారి సగానికి సగం. కానీ ఆ సంస్థ యాప్‌లో ‘కన్సాలిడేట్’ (అన్నీ కలిపి కట్టమనే) బటన్ నొక్కినంత మాత్రాన మిగలదు. పెట్టె కొలతలు పట్టించుకోకుండా కలిపితే విడివిడిగా పంపిన దానికంటే ఎక్కువ కట్టాల్సి రావచ్చు కూడా.

ముందు ఎక్కడ మిగులుతుందో చూద్దాం. ఎక్స్‌ప్రెస్ కొరియర్లు అర కిలో మెట్ల మీద లెక్క కడతాయి. మొదటి అర కిలో ఖరీదు, ఆ తర్వాతి అర కిలోలు చవక. లెక్క కోసం మొదటి మెట్టు 1,800 రూపాయలు, తర్వాతి ప్రతి మెట్టు 450 అనుకుందాం. 0.7, 0.9, 1.2, 0.4 కిలోల నాలుగు పార్సెళ్లున్నాయి. విడిగా పంపితే అవి 1, 1, 1.5, 0.5 కిలోలుగా పైకి సర్దుకుంటాయి: 2,250 + 2,250 + 2,700 + 1,800, మొత్తం 9,000. కలిపితే 3.2 కిలోలు, అంటే 3.5 మెట్టు: 4,500. మిగిలిన సొమ్ములో ఎక్కువ భాగం మొదటి మెట్టు నాలుగుసార్లు కట్టాల్సిన చోట ఒక్కసారే కట్టడం వల్ల వచ్చింది. అందుకే చిన్న చిన్న పార్సెళ్లు ఎన్ని ఎక్కువ ఉంటే ఈ పద్ధతి అంత గిట్టుబాటు. ఒకటే పెద్ద వస్తువైతే కలపడానికేముంది, గోడౌన్ చార్జీ దండగ.

ఈ లెక్కను తారుమారు చేసేది వాల్యుమెట్రిక్ బరువు, అంటే పెట్టె ఆక్రమించే చోటును బట్టి కట్టే బరువు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. వచ్చిన అంకె, కాటా మీది బరువు, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే బిల్లు. 35×22×13 సెం.మీ. చెప్పుల పెట్టె తీసుకోండి. లోపల జత బరువు కిలో దాటదు. లెక్క 2.002 వస్తుంది, అంటే 2.5 కిలోల మెట్టు! ఎత్తు ఒక్క సెంటీమీటరు తగ్గినా 2 కిలోల మెట్టులో ఉండేది. కంపెనీ డబ్బా పారేసి చెప్పుల్ని బట్టల మధ్య దూరిస్తే కిలోతో పోతుంది.

గోడౌన్ వాళ్లకి చేతికందిన అట్టపెట్టెలో సర్దేయడం అలవాటు. 5.2 కిలోల సామాను 45×35×25 పెట్టెలో పెట్టి, పైన ఖాళీని గాలి సంచులతో నింపుతారు. 7.9 వస్తుంది, 8 కిలోలకి బిల్లు పడుతుంది. అదే పెట్టె అంచులు కోసి ఎత్తు 17కి దించితే 5.4, అంటే 5.5 కిలోలు. పైన అనుకున్న రేట్ల ప్రకారం ఒక్క కత్తెర పనితో 2,250 రూపాయలు. ‘పెట్టె ఎత్తు సామాను మట్టానికి కోసి మూయండి, పొట్ట ఉబ్బకుండా టేపు వేయండి’ అని ప్రతిసారీ సూచనల గడిలో రాయాల్సిందే. ఉబ్బిన పెట్టెకి ఉబ్బు ఎక్కడుందో అక్కడే కొలత తీస్తారు. కట్టాక ఫోటో, మూడు కొలతలు పంపమని అడిగి, చూశాకే డబ్బు కట్టండి. డబ్బు కట్టాక విప్పించడం దాదాపు అసాధ్యం.

ఏవి వేటితో కలపాలన్నది ఇంకో విషయం, అసలు నేర్పు ఇక్కడే ఉంది. పుస్తకాలు బరువు, కానీ చోటు తక్కువ. కొండపల్లి బొమ్మలు తెల్ల పొణికి కర్రతో చేసినవి కాబట్టి తేలిక, కానీ చోటు తింటాయి. నాలుగు కిలోల పుస్తకాలు 25×20×15 పెట్టెలో విడిగా వెళ్తే 4 కిలోలు. కిలోన్నర బొమ్మలు 40×30×25 పెట్టెలో వెళ్తే 6 కిలోలు. మొత్తం 10. రెండూ 40×30×32 పెట్టెలో పడితే 7.68, అంటే 8 కిలోలు. బరువైన వాటితో బరువైనవి కలిపితే మొదటి మెట్టు లాభం మాత్రమే వస్తుంది. బరువుతో బోలు కలిపితే దాని మీద ఇంకొంత. అయితే పుస్తకాలు కదలకుండా కట్టకట్టి అడుగున పెట్టించాలి. లేకపోతే దారిలో అవి దొర్లి బొమ్మల చేతులు విరుగుతాయి, దశావతారాల సెట్టులో సగం అవతారాలే చేరతాయి. ఇలాంటి వాటికి మాత్రం అమ్మిన వాళ్ల పెట్టె తీసేయొద్దని రాయండి. చోటు పొదుపు అన్నిచోట్లా పనికిరాదు.

చీరల్లో నూలువి ఎంత నొక్కినా ఫరవాలేదు, గాలి తీసే కవర్లో వేయించవచ్చు. జరీ ఉన్న గద్వాల్, ధర్మవరం, ఉప్పాడ పట్టుచీరలకి అది వద్దు. మడత దగ్గర గట్టిగా నొక్కుకుపోయి జరీ దెబ్బతింటుంది, ఇస్త్రీతో పోయే గీత కాదది. వాటిని నూలు గుడ్డలో చుట్టించి పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టించాలి.

చిరునామా రాయడంలో కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటుంది. మీ లాకర్ నంబరు (పార్సెల్ మీదేనని గుర్తుపట్టడానికి ఫార్వర్డింగ్ సంస్థ ఇచ్చే నంబరు) రెండో లైనులో రాస్తే కొరియర్ లేబుల్ మీద అది తెగిపోవచ్చు. అప్పుడు ఎవరిదో తెలియని పార్సెల్ గోడౌన్‌లో ఓ మూల పడి ఉంటుంది. పేరు పక్కనే నంబరు రాయండి, మొదటి లైనులో మళ్లీ రాయండి. ఫోన్ నంబరు గోడౌన్‌ది ఇచ్చినా, ఖరీదైన వస్తువులకి ఓటీపీ మీ ఖాతాకి ముడిపడిన నంబరుకే రావచ్చు. ఇండియాలో మధ్యాహ్నం రెండు గంటలకి డెలివరీ అబ్బాయి తలుపు దగ్గర నిలబడితే న్యూజెర్సీలో తెల్లవారుజాము మూడున్నరో నాలుగున్నరో. ఓటీపీ చెప్పేవాళ్లు లేక పార్సెల్ వెనక్కి పోతుంది. ఇలా ఓటీపీ అడిగే వస్తువులకి ఇండియాలో ఉన్న మనవాళ్ల నంబరు పెట్టడమే మేలు. క్యాష్ ఆన్ డెలివరీ పార్సెళ్లు గోడౌన్‌లో తీసుకోరు.

సామాను చేరిన రోజే ఫోటోలు తీయించి రంగు, సైజు సరిచూసుకోవాలి. బట్టలు, వస్తువులు వాపసు ఇవ్వడానికి అమ్మకందారులు పెట్టే గడువు చాలాచోట్ల వారం, పది రోజులే. గోడౌన్‌లో ఉచితంగా ఉంచుకునే గడువు దానికంటే ఎక్కువ ఉంటుంది కాబట్టి నిదానంగా చూద్దాంలే అనిపిస్తుంది. ఈలోపు వాపసు గడువు దాటుతుంది, తప్పు సైజు జాకెట్టు మన మెడకే చుట్టుకుంటుంది. ఆర్డర్లు పెట్టే వరుస కూడా ముఖ్యం. నేత వస్త్రాలు అమ్మే చిన్న దుకాణాలు పంపడానికి ఎక్కువ రోజులు తీసుకుంటాయి కాబట్టి ముందు వాటికి ఆర్డర్ పెట్టి, రెండు రోజుల్లో వచ్చేవి ఆఖరున పెట్టాలి. దసరా, దీపావళి ముందు గోడౌన్లు కిక్కిరిసి ఉంటాయి. పండగకి కట్టుకోవాల్సిన చీర పండగ నెలలో కలపబోతే దీపాలు ఆరాక చేరుతుంది.

కలపడంలో ఉన్న అసలు ప్రమాదం, ఒక్క వస్తువు తేడా చేస్తే పెట్టె మొత్తం ఆగిపోవడం. పూజ కిట్‌లో ఉండే కర్పూరం విమాన రవాణా నిబంధనల్లో మండే ఘన పదార్థం. ఎక్స్‌రేలో దొరికితే చీరలు, పుస్తకాలు అన్నీ దానితోపాటే ఆగుతాయి. అత్తరు, స్ప్రేలు, పవర్ బ్యాంకులు కూడా అంతే. ఎర్రచందనం, శ్రీగంధం చెక్క వస్తువులకి ఇండియాలోనే ఎగుమతి ఆంక్షలున్నాయి. తినేవాటి మీద అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి ముందస్తు నోటీసు ఇవ్వాలి. కోడి, మాంసం పచ్చళ్లు సొంతానికైనా అనుమతించరు. పచ్చి కరివేపాకు, బియ్యం సంగతీ అంతే: కరివేపాకుతో నిమ్మజాతి చెట్ల తెగులు మోసే పురుగు వస్తుందని, బియ్యంతో ఖప్రా పురుగు వస్తుందని ఆపేస్తారు. అందుకే మామిడికాయ ఆవకాయ, పూతరేకులు లాంటివి ఎప్పుడూ విడి పెట్టెలోనే. కలిపితే మిగిలే అర కిలో మెట్టు కోసం పట్టుచీరల్ని ఆవకాయ నూనె పక్కన పెట్టడం ఏ లెక్కన చూసినా నష్టమే.

ఇక సుంకం. 2025 ఆగస్టు 28 దాకా ఒక మనిషికి రోజుకి 800 డాలర్ల విలువ వరకూ అమెరికాలో సుంకం ఉండేది కాదు. అప్పట్లో కలిపిన పెట్టె ఆ గీత దాటకుండా చూసుకోవడమే పెద్ద పని. 29 నుంచి ఆ మినహాయింపు పోయింది. మొదటి డాలరు నుంచే సుంకం, పైగా మన తరఫున కట్టినందుకు కొరియర్ సంస్థ పెట్టెకి ఇంత అని సేవా రుసుం వేస్తుంది. నాలుగు పెట్టెలైతే నాలుగు రుసుములు. అంటే ఆ మార్పు తర్వాత కలపడంలో లాభం ఇంకా పెరిగింది. రేట్లు ఏడాదిలోనే పలుమార్లు మారాయి కాబట్టి పెట్టె కదిలే వారం చూసుకోవడమే దారి.

ఇన్వాయిస్‌లో ‘గృహోపకరణాలు, 1 పెట్టె’ అని ఒక్క ముక్కలో రాయనివ్వకండి. వస్తువు వారీగా ధర, ఏ దేశంలో తయారైంది అన్నది ఉండాలి. అచ్చు పుస్తకాలకి అమెరికాలో సుంకం లేదు, వాటిని విడి లైనులో రాయించకపోతే ఆ లాభం పోతుంది. ఇండియాలో కొన్నా చైనాలో తయారైన వస్తువుకి చైనా రేటే వర్తిస్తుంది, ఎక్కడి నుంచి బయల్దేరిందన్నది లెక్కలోకి రాదు. విలువ తగ్గించి రాస్తామని గోడౌన్ వాళ్లు అడిగితే వద్దనండి. జరిమానా సంగతి అటుంచితే, పెట్టె పోయినా ఆ తగ్గించి రాసిన విలువే చేతికొస్తుంది.

బ్రిటన్‌లో ఉన్నవాళ్లకి లెక్క వేరు. అక్కడ 135 పౌండ్ల లోపు సరుకుకి కస్టమ్స్ సుంకం లేదు, వ్యాట్ ఉంటుంది. కలిపిన పెట్టె 135 దాటితే సుంకం కూడా తోడవ్వచ్చు. కాబట్టి రవాణాలో మిగిలేది, సుంకంలో పోయేది పక్కపక్కన రాసుకుని చూశాకే కలపాలి.

ఐదుకి మార్కులు వేయమంటే పద్ధతికి నాలుగు, గోడౌన్ వాళ్ల సర్దుడుకి రెండున్నర. నాలుగైదు చిన్న ఆర్డర్లు, అందులో కొన్ని పుస్తకాలు ఉంటే కళ్లు మూసుకుని కలపొచ్చు. ఒకటో రెండో చీరలైతే మాత్రం ఊరి నుంచి ఎవరు వస్తున్నారో ముందు కనుక్కోండి. 23 కిలోల సూట్‌కేసులో ఓ మూల దొరికితే దాన్ని మించిన కొరియర్ లేదు.